సితారా వింటే దగ్గు పోతుందంట

దుమ్ము... పలకల దుమ్ము.

కంటి రెప్పల మీద. సంగటి ముద్ద మీద. చంటిబిడ్డ బుగ్గ మీద.

మార్కాపురం పలకల మీద దేశంలోని పిల్లలంతా అఆలు దిద్దుతారు. ఆ పలకలు తవ్వి తీసేవాళ్ళ రొమ్ముల్లో ఏం రాసి ఉందో చదివినవాళ్ళు లేరు.

నతానియేలు గని మానేసి ఏడాదయింది. గనే ఆయన్ను మానలేదు. తెల్లారితే దగ్గు... పొద్దుగూకితే దగ్గు. ఒక్కోసారి ఎర్రగా.

ఆదివారం పాస్టరయ్య చెప్పినాడు — పూర్వం ఒక రాజును పట్టిన పీడ, సితారా మీటితే వదిలిపోయిందని.

ఆ వారమే బంగళా నుంచి కబురొచ్చింది. మిషను దొరసాని కచేరీ పెడుతుందంట. దొరల సీమ నుంచి సితారా వచ్చిందంట — బైబిల్లోదే, దొరలు హార్ప్ అనేది.

నతానియేలు భార్య సంతోషమ్మకు ఇంకేం కావాల? మొగుణ్ణి రెక్క పట్టుకొని నడిపించుకొచ్చింది. ఎదురుగాలి. గాలి నిండా దుమ్ము. ఆగుతూ... కూర్చుంటూ...

వసారాలో చాపలు. బల్ల మీద పెట్టె. పెట్టెకు ఇత్తడి గొట్టం.

"ఏందత్తా, సితారా యాడా కనపడదే?" పక్కింటి రోశమ్మ.

"దేవుడు కనపడతాడా నీకు? నోరు మూసుకొని కూచో."

భర్తను తన వీపుకు ఆనించుకొని కూర్చుంది సంతోషమ్మ.

దొరసాని కట్టడలు చెప్పింది. పాట నడిచేటప్పుడు మాట్లాడకూడదు. తుమ్మకూడదు. దగ్గకూడదు. ఊపిరి సంగతి మాత్రం ఎత్తలేదు — దయగల తల్లి.

మొదటిది ఫ్రెంచి పాట. అంతమంది వాయించేవాళ్ళు ఆ పెట్టెలో ఎట్ల ఇరుక్కున్నారో! వాళ్ళంతా తగ్గి... తగ్గి... సితారా ఒక్కటే మిగిలింది.

నీళ్ళు.

పుల్లలచెరువు దిక్కున ఏ బావిలోనూ లేని నీళ్ళు — చినుకు చినుకుగా, గలగలా, మెట్లు దిగుతూ...

పాట అయిపోయింది. కళ్ళు మూసుకొనే అందరూ "ఆమేన్" అన్నారు. దొరసాని మొహం ఎర్రబడింది. కోపమో, నవ్వో.

నతానియేలు అనలేదు. కండువా నోట్లో కుక్కుకొని ఉన్నాడు. మెడ నరాలు తాళ్ళలా లేచినాయి.

వెనక్కి చూడని సంతోషమ్మకు అది తెలియదు.

"రోశీ, ఒక్క దగ్గన్నా విన్నావా?"

"నేను పాట వింటా కూచున్నానత్తా."

"తగ్గిందే... తగ్గింది..."

ఆ మాట విన్నాడు నతానియేలు. కండువా ఇంకొంచెం లోపలికి కుక్కుకున్నాడు.

రెండోది రష్యా పాట. మంచు దేశమంట. మంచు ఎట్లుంటుందో అక్కడ ఎవరికీ తెలియదు. అయినా సితారా మోగేసరికి వసారా అంతా చల్లబడింది... ఒక్కో చినుకూ రాలకముందే గడ్డకట్టినట్టు.

సంతోషమ్మ వీపు మీది బరువు వణికింది.

కుదుటపడింది.

తర్వాత బాగా బరువెక్కింది.

నిద్రపట్టినట్టుంది, అనుకుంది. ఎన్నాళ్ళయింది ఆయన నిద్రపోయి!

"ఆమేన్" అన్నారు అందరూ.

రోశమ్మ ఇటు తిరిగింది. నతానియేలు మొహం చూసింది. కొంగు తల మీదికి లాక్కుంది.

సంతోషమ్మ తిరగలేదు.

"దొరసానమ్మా," అనింది, వీపు కదలనీయకుండా. "ఇంకొకటి వెయ్యమ్మా... ఆయన దగ్గడం లేదు."

పెట్టె మీద పళ్ళెం తిరుగుతానే ఉంది. ముల్లు ఊరికే గీరుతానే ఉంది...