ఆరని గుమ్మం

తిరుపాలు బొమ్మలోని గుమ్మానికి వేసిన ఇటుక రంగు మీద నోటితో ఊదాడు. ఆరలేదు. శ్రావణమాసం బెంగళూరు తుంపర, గాలే తడిగా ఉంటే కాగితం ఎలా ఆరుతుంది? నగర్తపేట సందులో, ఆదివారం కాబట్టి మూసేసిన ఎస్టీడీ బూతు చూరు కింద పీట వేసుకుని, అట్టను మోకాళ్ళ మీద ఆనించి మళ్ళీ ఊదాడు.

వారమంతా గుండీల హోల్‌సేల్ కొట్లో గుమాస్తా పని. సెలవు రోజు మాత్రం పెన్ను, రంగుల డబ్బా పట్టుకుని పాత ఇళ్ళ ముందు చేరతాడు. పెన్ను గీత చకచకా పడుతుంది. రంగు దగ్గరే వస్తుంది తంటా. ఒక పూత పూర్తిగా ఆరందే రెండోది వేయడు, తడి బొమ్మ ఎవరికీ చూపించడు. బొమ్మల్లోనే కాదు లెండి, మనిషే అంత. చిత్తూరు నుంచి పిల్లనిస్తామని వస్తే 'నిదానంగా చెప్తా' అన్నాడు. వాళ్ళు మాత్రం ఎన్నాళ్ళని కాచుకుంటారు పాపం, ఇంకొకరికి ఇచ్చేశారు. యజమాని కొట్లో వాటా ఇస్తానన్నప్పుడూ అదే మాట. నడివయసు దాటింది, ఇప్పటికీ అద్దె గదిలో ఒక్కడే వండుకు తింటాడు.

ఇవాళ్టి బొమ్మ ఎదురుగా ఉన్న శ్రీనివాసప్ప ఇంటిది. వచ్చేవారం దాన్ని పడగొట్టి కాంప్లెక్స్ కడతారు. ఆయన భార్య నంజమ్మ మేడ మీద మంచం పట్టి ఏళ్ళయింది, ఆ ఇరుకు మెట్లలో దించే వీల్లేదు. కాపురానికొచ్చిన ఇంటి ముఖం ఒక్కసారి చూసుకోవాలని ఆమె ఆశ. ఫోటో తీయిస్తే సందు ఇరుకై సగం గుమ్మమే పడింది. అందుకే శ్రీనివాసప్ప తిరుపాలును బతిమాలుకున్నాడు.

మేడ కిటికీలోంచి ఆయన తల కనిపించింది.

"ఏమప్పా తిరుపాలూ, అయిందా? పొద్దున్నించీ అడుగుతా ఉండాది. ఊపిరి సరిగ్గా ఆడల్యా దానికి."

"అయిపాయన్నా. గుమ్మం ఇంకా తడిగా ఉండాది."

"తడైతే ఏమప్పా? అట్లే తీసుకురా!"

"అరుగు మీద నీడ పడాల గదన్నా. రోంతసేపు ఆరనీ."

శ్రీనివాసప్ప ఏదో గొణిగి లోపలికి పోయాడు. తిరుపాలు మనసు పీకింది. ఇలాగే తీసుకెళ్ళి చూపించేస్తే? అమ్మో, రంగు చెదిరితే? ఆమె చూసేదే ఒక్కసారి, చక్కగా ఉండొద్దూ! కూర్చున్నాడు. గుమ్మం ఆరింది. అరుగుకు నీడ వేశాడు, అదీ ఆరిందాకా ఆగాడు. వేలితో తాకి చూస్తే అంటలేదు. సంతోషంతో మెట్లెక్కాడు.

నంజమ్మ దిండ్లకు ఆనుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, తలుపు వైపే చూస్తోంది.

"ఇదో అక్కా, ఆరిపాయ" అని బొమ్మ ముందుకు చాపాడు. ఆమె కదల్లేదు.

మంచం పక్కన నేల మీద కూలబడి ఉన్నాడు శ్రీనివాసప్ప. "నువ్వొస్తావని కొంగుతో అద్దాలు తుడుచుకుని తనే పెట్టుకునిందప్పా. ఇప్పుడే పాయ" అన్నాడు.

తడి బొమ్మే తెచ్చుంటే ఏం పోయేది! తిరుపాలుకు తన మీద తనకే అసహ్యమేసింది. బొమ్మను మంచం మీద పెట్టి గోడకు ఆనుకున్నాడు.

శ్రీనివాసప్ప లేచి, భార్య ముఖం మీంచి కళ్ళద్దాలు మెల్లగా తీశాడు. ఎక్కడ పెట్టాలో తోచక ఆ బొమ్మ మీదే పెట్టాడు. విరిగిన కాడకు నల్లదారం చుట్టిన ఆ కళ్ళద్దాలు, ఆరిన గుమ్మం మీద అలాగే ఉండిపోయాయి.