కిందికి దిగిన గీత

ప్రసూతి వార్డు హెడ్ నర్సుకు ఆ ఆదివారం వంట మీద ధ్యాసే లేదు. అప్పుడే పుట్టిన పిల్లలు కాన్పు గది నుంచి వార్డుకు వచ్చేలోపే చల్లబడిపోతున్నారని ఆమె, తోటి నర్సులు కొన్ని నెలలుగా నానా తంటాలు పడుతున్నారు. తువ్వాళ్ళు వెచ్చబెట్టారు, ఉన్ని టోపీలు కుట్టించారు. తీరా మర్నాడు డాక్టర్లకు చూపించాల్సిన గ్రాఫులో రెండే కడ్డీలు: ఒకటి ఈ పాట్లు మొదలవ్వక ముందు, ఒకటి తర్వాత. రెండింటికీ పెద్ద తేడా లేదు.

"ఇంత చాకిరీ చేసి ఏం ఒరిగినట్టు?" అందామె నీరసంగా.

ఉల్లిపాయలు తరుగుతున్న తోడికోడలు కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. ఆమెది అదే ఆస్పత్రిలో రికార్డుల గదిలో ఉద్యోగం.

"అక్కా, మొత్తం ఒకే కుప్ప పోశావేంటి? మొదట్లో టోపీలే రాలేదుగా?"

"ఎక్కడ? దర్జీ తిప్పి తిప్పి చంపాడు."

"మరి ఆ వారాల్నీ, మొన్నటి వారాన్నీ కలిపేస్తే ఏం తెలుస్తుంది? ప్రతి పది మంది పిల్లల్లో ఎంతమంది చల్లబడ్డారో వారానికో చుక్క పెడదాం. చుక్కలు కలుపుదాం."

ఇద్దరూ కంప్యూటరు ముందు కూర్చున్నారు. హెడ్ నర్సు భర్త తొంగి చూశాడు. "ఇవాళ అన్నమా, గ్రాఫులా?"

"ఆ ఉల్లిపాయలు తరిగితే అన్నమే," అంది భార్య.

చుక్కలు పడుతున్నాయి. పైపైనే తచ్చాడిన గీత, టోపీలు వచ్చిన వారం నుంచి మెట్లు దిగినట్టు దిగింది. మధ్యలో ఒక్కచోట మాత్రం ఎగిరింది.

"కాన్పు గదిలో హీటరు పాడైన వారం!" హెడ్ నర్సు పకపకా నవ్వింది. "ఈ గీత చాడీలు కూడా చెబుతుందే!"

మర్నాడు సమావేశంలో, పిల్లల డాక్టరు, నవ్వడమంటేనే పడనాయన, లేచి గ్రాఫు వేసిన తెర దగ్గరికే వెళ్ళాడు.

"ఇక్కడేమైంది?"

"టోపీలొచ్చాయి సార్."

"ఇక్కడ?"

"హీటరు పోయింది సార్."

"అయితే ఇంకో హీటరు తెప్పిద్దాం," అంటూ ఆయన నవ్వేశాడు. నర్సులు చప్పట్లు కొట్టారు.

సాయంత్రానికి గ్రాఫు వార్డు గోడెక్కింది. మనవరాల్ని ఎత్తుకున్న ఒక అమ్మమ్మ దాని ముందు ఆగి హెడ్ నర్సును పిలిచింది.

"ఇందులో మా పిల్ల ఎక్కడమ్మా?"

"మీ పిల్ల లేదు పెద్దమ్మా."

"అదేం? మా పిల్లకేం తక్కువ?"

"ఇది చల్లబడ్డ పిల్లల లెక్క. మీ మనవరాలు వెచ్చగా ఉందిగా!"

అమ్మమ్మ పాప పాదాలు తడిమి చూసుకుంది. "అయితే మీ గోడ మీద మాకు చోటొద్దులే తల్లీ," అంది. వార్డంతా ఘొల్లున నవ్వింది.