చేయి యెత్తని పిల్ల

ఆషాఢమేఘమాలికాచ్ఛాదితమైన యుదయగగనమునుండి సన్నని తుంపర జాలువాఱుచు నువ్వుచేలను తడుపుచుండగా నాగావళీతీరమందలి యొక పల్లెలో అంగన్వాడి గదియందు పదునొకండుగురు పసిపిల్లలు సున్నము వేసిన తెల్లని గోడవంక ఱెప్పవేయక చూచుచు గూర్చుండిరి. పండ్రెండవ పిల్ల యానాడే తిరిగి రావలసియుండెను.

ఆ గదికి సత్యవేణి యుపాధ్యాయిని. మట్టితో నిసుకతో పిల్లలాడుకొను నాటలను తన ఫోనున చలనచిత్రములుగా తీసి మఱునాటి యుదయమున చిన్న ప్రొజెక్టరుతో గోడపై చూపుట యామె పద్ధతి. నిన్నటి తమ యాటను తామే చూచి పకపక నవ్విన పిల్లలు నేడు తమ యిసుక యింటికి మఱియొక గదిని చేర్చి కట్టెడివారు. లెక్కయు మాటయు వారికి తెలియకయే యబ్బుచుండెను. అయితే ఫోనున చోటు చాలమిచే ప్రతి శనివారము చిత్రములను తుడిచివేయవలసి వచ్చెడిది. అందులకు పిల్లలేడ్చుట చూడలేక సత్యవేణి దానినిగూడ నొక యాటగా మార్చెను. ఒక్కొక్క చిత్రము గోడపై కడసారి కనబడగా పిల్లలందఱు చేతులెత్తి టాటా చెప్పెదరు. అంతట నామె దానిని తుడిచివేయును. ఇంత ముచ్చటైన యేర్పాటులో కీడు పొంచియున్నదని యెవరనుకొందురు?

జ్యేష్ఠమున నొకనాడు తల్లులు వచ్చి తమ తమ పనులను పిల్లలతో నాడి చూపవలెనని సత్యవేణి కోరెను. అట్లమ్ముకొని బ్రదుకు నూకరత్నము వచ్చి పగిలిన మూకుడుపై బురదనీరు పోసి గరిటెతో గుండ్రముగా త్రిప్పి "కాలుతాది, ఊదుకోని తినండర్రా!" అని నవ్వెను. ఆమె కూతురు నాలుగేండ్ల పైడితల్లి. ఆ వారమంతయు నా పిల్ల గోడపై తల్లిని చూచి చూచి గరిటె త్రిప్పుట నేర్చుకొనెను. శనివారము వచ్చెను. అందఱికంటె నెత్తుగా చేయి యెత్తి తల్లికి టాటా చెప్పినది పైడితల్లియే.

మంగళవారమున నూకరత్నమునకు విషజ్వరము తగిలెను. తొమ్మిదవనాడు కన్నుమూసెను.

పదునైదు దినములు గడచిన పిమ్మట ఆ తుంపరలో నాయనమ్మ చేయి విడిచి లోనికి వచ్చిన పైడితల్లి బొమ్మలనంటక గోడ యెదుట గూర్చుండి "టీచరమ్మా, గోడ మీద మాయమ్మని ఎయ్యి" అనెను. సత్యవేణి ఫోనునంతయు వెదకెను. ఎక్కడ నుండును? తన వ్రేలితో తానే తుడిచినది గదా! అబద్ధమాడ మనసొప్పక "ఆ బొమ్మ లేదు తల్లీ. నేనే తుడిసీసినాను" అనెను.

పైడితల్లి యేడ్వలేదు.

"నువ్వు కాదు టీచరమ్మా, నాను. నాను టాటా సెప్పీసినాను. అందుకే అమ్మెలిపోనాది."

ఈ పలుకులను సంస్కరించి వ్రాయుటకు నా కలమున కధికారము లేదు.

సత్యవేణి యా పిల్లను ఒడిలోనికి లాగికొని "కాదమ్మా, మీ అమ్మని జొరం తీసుకుపోనాది. నీ టాటా కాదు" అని పదిమాఱులు చెప్పెను. పిల్ల తలయూపెను. పిదప లేచి బురద కలిపి మూకుడు తెచ్చి గోడ యెదుట పెట్టి గరిటె త్రిప్పసాగెను. ఆ త్రిప్పుట నూకరత్నముదే. ఆ మణికట్టు వంపు నూకరత్నముదే. సత్యవేణి ప్రొజెక్టరు వెలిగించెను గాని గోడపై తెల్లని వెలుగు దక్క మఱేమియు లేకుండెను. ఆ వెలుగు ముందర బురద యట్టును పెట్టి "కాలుతాది, ఊదుకోని తిను" అని పైడితల్లి మెల్లగా ననెను. సత్యవేణి కొంగు నోట గ్రుక్కుకొని యేడ్చెను.

నాటినుండి యామె తన యింటివారి చిత్రములను తీసివేసి పిల్లల చిత్రములకు ఫోనున చోటు చేసెను. శనివారపు టాటాను గూడ మానిపించెను. కాని తుడుచుట యన్నిట నొక్కతీరుగా నుండదు. ఫోనున నొక్క వ్రేలి తాకిడితో మాయమగునది పసిమనసున పదిమాటలు చెప్పినను మాయము కాదు. సాయంకాలమున నిండ్లకేగు పిల్లలు నేటికిని ఒకరికొకరు చేతులూపుకొందురు. పైడితల్లి మాత్రము వాకిట నాయనమ్మను చూడగనే రెండు చేతులును వీపు వెనుకకు దాచుకొని గడప దాటును.