మాంసంలో పడ్డ పెరుగు

మణికట్టు దాకా మాంసంలో చేతులు పెట్టి కలుపుతున్నప్పుడు తెలిసొచ్చింది సింహాచలానికి, తాను చేసిన పనేమిటో. పక్కనే ఖాళీ గిన్నె. ఇందాకటి దాకా అందులో పెరుగుంది.

చేతులు బయటికి లాగేశాడు.

సింగపూరు విల్కీ రోడ్డులో మోజెల్ అమ్మ ఇంట్లో మాంసాన్నీ పాలనూ ఒకచోటికి రానివ్వరు. యూదుల ధర్మం అది. వంటింట్లో ఎడంపక్క పాలూ పెరుగూ వెన్నా, కుడిపక్క మాంసం. గిన్నెలు వేరు, గరిటెలు వేరు, తోమే పీచు కూడా వేరు. పనిలో చేరిన రోజే ఆమె చెయ్యి పట్టుకుని అన్నీ చూపించింది. అప్పట్నుంచీ చెంచా అటుది ఇటు పెట్టి ఎరగడు. కానీ అంతకుముందు లిటిల్ ఇండియాలో ఆంధ్రా మెస్సులో ఏళ్ళ తరబడి వండిన చేతులవి. ముదురు మాంసం తగిలితే పెరుగు పట్టించాలని వాటికొకరు చెప్పక్కర్లేదు. ఈ వారం ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మటన్ రాయిలా ఉంది. చేతులు వాటి పని అవి చేసేశాయి.

ఆమె వంటింట్లో ఉంటే ఇది జరిగేది కాదు. పొద్దున్నే ఫోనొచ్చింది, వాళ్ళవాళ్ళలో రీటా అనే ముసలామె పోయిందని. ఆడమనిషి పోతే స్నానం చేయించి తెల్లగుడ్డ చుట్టడానికి అందరూ పిలిచేది మోజెల్ అమ్మనే. శుక్రవారం పొద్దుగుంకితే వాళ్ళకి సబ్బాతు, ఏ పనీ చెయ్యకూడదు. ఆలోపలే మట్టి చెయ్యాలి. మోకాళ్ళు నొప్పులని మూలుగుతూనే చెప్పులేసుకుంది. "ఈ పూట వంటిల్లు నీది, చలం" అని వెళ్ళిపోయింది. ఇద్దరూ మాట్లాడుకునేది బజారు మలయ్ భాష. అందులో అతని వంతు ఎప్పుడూ తక్కువే. ఆ పూటా తలూపాడంతే.

కుర్రతనంలోనే మొగుడు పోతే, ఊరగాయలు పెట్టి అమ్మి నలుగురు పిల్లల్ని పైకి తెచ్చిన మనిషి ఆవిడ. పిల్లలు తలో దేశం పోయారు. ఆవిడ శుక్రవారం రాత్రి భోజనాల బల్ల మాత్రం చిన్నది కాలేదు, పెద్దదయింది. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ పిచ్చెత్తిపోతాయని, వాటిని బాగుచెయ్యడానికి ఎక్కడెక్కడి కుర్రాళ్ళో సింగపూరులో దిగుతున్న రోజులవి. వాళ్ళలో యూదుల పిల్లలంతా వాటర్లూ వీధి గుడిలో ప్రార్థన కాగానే నడుచుకుంటూ ఈ ఇంటికే వస్తారు. ఈ వారం సిడ్నీ నుంచి మనవడు డేనియల్ కూడా వస్తున్నాడు, చేసుకోబోయే పిల్లని వెంటబెట్టుకుని.

గిన్నెలు తోముతున్న కొండమ్మ వెనక్కి తిరిగి చూసింది. పలాస పక్క మనిషి. ఏదైనా ఇట్టే పసిగడుతుంది.

"ఓలమ్మో! అన్నా, ఆ పెరుగు అందులో ఏసీసినావేటి?"

సింహాచలం తలూపాడు.

"అయితే ఏటి? కలిసిపోనాది కదా. ఎవులికి అగుపిస్తాది? గమ్మున పొయ్యి మీదెట్టీ."

"పొయ్యి ఆవిడే ఎలిగించాల."

అది కూడా ఆ ఇంటి పద్ధతే. కలిపేది ఎవరైనా, దింపేది ఎవరైనా, నిప్పు మాత్రం ఆవిడ చేత్తోనే.

"ఎలిగిత్తాది. నీదేటి పోనాది? ఇన్నాళ్ళూ నోరిప్పనోడివి, ఈయేళే ఇప్పాలేటి? సెప్పినావో, పర్మిట్టు పీకీసి ఏరోప్లేన్ ఎక్కించీగల్రు."

ఇక్కడ పని చేసుకునే పర్మిట్టు ఆవిడ పెద్దకొడుక్కి సింగపూరులో ఉన్న కంపెనీ పేరు మీదే ఉంది. కొండమ్మ అన్నదాంట్లో అబద్ధం లేదు. సింహాచలం చేతులు కడుక్కుని గోడకి ఆనుకున్నాడు. ఆ దేవుడు తన దేవుడు కాడు, భయం ఆయన గురించి కాదు. వచ్చే కుర్రాళ్ళు ఎక్కడ తిన్నా ముందు అడుగుతారు, ఇందులో ఏముంది, ఎవరు చేశారు అని. ఈ ఇంట్లో మాత్రం అడగరు. మోజెల్ ఆంటీ ఇల్లయితే చాలు, చెయ్యి పెట్టేస్తారు. ఆ నమ్మకం నిలబెట్టుకోడానికి ఆవిడకి ఒక జన్మ పట్టింది. అది తన చేతుల్లో ఈ పూట పోతుంది, పోయినట్టు ఆవిడకే తెలియదు.

తలుపు చప్పుడయింది. ఆవిడ వచ్చి స్టూలు మీద కూలబడింది. ఒంటి మీద సబ్బు వాసన.

"పాపం రీటా. జపాను వాళ్ళు మమ్మల్ని క్యాంపులో పెట్టినప్పుడు ఇద్దరం ఒకే చాప మీద పడుకునేవాళ్ళం. నిద్రలో కాళ్ళతో తన్నేది. ఇవాళ ఆ కాళ్ళే కడిగొచ్చాను." కొంగులాంటి తలగుడ్డతో మొహం తుడుచుకుంది. "వాసన బాగుందయ్యా. ఇలా తే, వెలిగిస్తాను."

మాంసం కలిపిన రాగి గిన్నె పొయ్యి పక్కనే ఉంది. ఆవిడ అగ్గిపుల్ల గీసింది. సింహాచలం నోరు తెరిచాడు. వంగి పుల్లని ఊదేశాడు.

ఆవిడ గాలికి ఆరిందనుకుంది. ఇంకోటి గీసింది. అదీ ఊదేశాడు.

"అలామాక్, అయ్యో! ఏమిటిది? నీ పుట్టినరోజా?"

"పెరుగు," అన్నాడు. "అందులో."

సింకు దగ్గర కొండమ్మ చేతిలోంచి మూత జారి ఖంగుమంది.

మోజెల్ అమ్మ గిన్నెలోకి చూసింది. "ఎవరు?"

"నేనే. మెస్సులో అలవాటు. చెయ్యి అటే పోయింది."

"పొయ్యి మీద పెట్టావా?"

"లేదు."

"వేడినీళ్ళేమైనా?"

"లేదమ్మా. చల్లగా ఉంది. ఇప్పుడే కలిపాను."

ఆవిడ లేచి ముందుగదిలోకి వెళ్ళి వాళ్ళ గురువుగారికి ఫోను చేసింది. ఇంగ్లీషులో ఏదేదో చెబుతోంది. వంటింట్లో ఇద్దరూ నిలువుగుడ్లేసుకుని నిలబడ్డారు.

ఆవిడ తిరిగొచ్చింది.

"గిన్నె మా అమ్మ బాగ్దాదు నుంచి తెచ్చుకున్నది. చన్నీళ్ళతో బాగా తోమితే చాలట. మాంసం మేం తినకూడదు. ఉడికి ఉంటే ఎవరికీ ఇవ్వడానికి కూడా లేదు, పారబొయ్యడమే. ఉడకలేదు కాబట్టి నువ్వు పట్టుకెళ్ళు."

"మరి నేను వెళ్ళిపోనా అమ్మా?"

"ఎక్కడికి? ఇంటినిండా మనుషులొస్తుంటే నన్ను ఒంటరిదాన్ని చేసి ఎక్కడికయ్యా? ఫ్రీజర్లో చేపలున్నాయి, తియ్యి. నిమ్మకాయలు నేను కోస్తాను. కొండమ్మా, నువ్వలా బొమ్మలా నిలబడితే బంగాళాదుంపలు వాటంతటవే తొక్క తీసుకోవు."

"తీత్తన్నానమ్మా, తీత్తన్నాను!" కొండమ్మకి మలయ్ రాదు, బంగాళాదుంపల వైపు చూపించిన వేలు చాలు.

ఆవిడ పొయ్యి వెలిగించింది. ఈసారి సింహాచలం వెనక్కి జరిగి నిలబడ్డాడు.

పొద్దుగుంకకముందే చేపలు పసుపులో, టమాటాలో ఉడికిపోయాయి. ఆవిడ గబగబా గౌను మార్చుకుని దీపాలు వెలిగించి కళ్ళు మూసుకుంది. గుడి నుంచి కుర్రాళ్ళు వచ్చేశారు. "ఇవాళ మటన్ లేదా ఆంటీ?" అన్నాడొకడు.

"చేప తినాలనిపించింది. నీకిష్టం లేకపోతే మీ అమ్మకి ఫోన్ చెయ్యి, వచ్చి వండుతుంది."

బల్లంతా నవ్వింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లాడొకడు నోట్లో ముద్దతోనే "ఫిష్ షియోక్ లా, ఆంటీ!" అని లొట్టలేశాడు. అడిగినవాడు ఇంకేమీ అడగలేదు. డేనియల్ పక్కనున్న పిల్ల మళ్ళీ వడ్డించుకుంది.

సింహాచలం మాంసం నింపిన బకెట్టు మూత బిగించి బయల్దేరుతుంటే ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"చలం, పెరుగు పట్టిస్తే నిజంగా మెత్తబడుతుందా?"

"వెన్నలా, అమ్మా."

"అయ్యో," అంది ఆవిడ, ఎంత పోగొట్టుకున్నానో అన్నట్టు. "సరే. వచ్చే శుక్రవారం ఆ రాయిని ఇద్దరం కలిసే ఉడకబెడదాం. మెత్తబడేదాకా గంటలు పడుతుంది, నేను నిద్రపోకుండా ఏమైనా కబుర్లు చెప్పు."

"నేనా?"

"నువ్వే. ఇవాళ నీకు మాటలొచ్చని తెలిసిందిగా."

జురాంగ్ వెళ్ళే రైల్లో బకెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తనుండే డార్మిటరీలో మనవాళ్ళు ఇంకా వండుకుని ఉండరు. అల్లం వెల్లుల్లి వాసనకి పక్కనామె ముక్కు మూసుకుని లేచి అవతలికి పోయింది.

సింహాచలం కాళ్ళు బారజాపుకున్నాడు.