ఐదు చుక్కల పాటల డబ్బా

గోవర్ధన్ ఏ వస్తువు కొనాలన్నా పది మందిని అడగాల్సిందే. గొడుగు కొన్నా అంతే, గ్యాస్ పొయ్యి కొన్నా అంతే. అందరి మాటా ఓపిగ్గా విని చివరికి తనకు తోచిందే చేస్తాడు. గద్వాలలో వాళ్ల మగ్గాల వీధి మొత్తానికీ ఈ సంగతి తెలుసు. అందుకే ఆయన పాటల డబ్బా గురించి వాకబు మొదలుపెడితే ఎవరూ ఆశ్చర్యపోలేదు.

డబ్బా భార్య శారదమ్మ కోసం. మూడు నెలల కింద ఆమె స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. దవాఖానలో రాడ్డు వేసి పంపారు. నడక చట్రం పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేయొచ్చు గానీ కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గం గుంటలోకి మాత్రం ఇక ఎన్నటికీ దిగొద్దన్నారు. ముప్పై ఏళ్లు భర్త పక్కన కూర్చుని అంచు పోగును అటూ ఇటూ నడిపే నాడె విసిరిన మనిషి. ఎముక విరిగినప్పుడు ఏడవని శారదమ్మ ఆ మాటకు ఏడ్చింది.

ఇప్పుడామె చోట్లో పక్కింటి కోడలు నవనీత కూర్చుంటోంది. పిల్ల చురుకైనదే, కానీ పని కొత్త. శారదమ్మ మంచం లోపలి గదిలో వేశారు. గోడకు ఇవతల మగ్గం ఆడుతుంటే అవతల ఆమె నోరు ఆడుతుండేది. మొగుణ్ణి కూతురి పేరు పెట్టే పిలిచేది.

"ఓ భార్గవి నాయినా, అట్ట ఇరికింది సూడు!"

"నవనీతా, నాడె గంత జోరుగ కొట్టకే, పోగు తెగుతది!"

చీర అంచు మీద పువ్వు పడాలంటే మగ్గం పైనున్న జకార్డులో చిల్లుల అట్టలు ఒకదాని వెనక ఒకటి తిరగాలి. ఒక అట్ట ఇరుక్కుందంటే పడిన వరసే మళ్లీ పడి పువ్వు చెడిపోతుంది. అప్పుడు చప్పుడు కాస్త మొద్దుగా వస్తుంది. ఆ తేడా పట్టేది మొదటినుంచీ శారదమ్మే. గోవర్ధన్ చెవులు మగ్గం మోతకు ఎప్పుడో మొద్దుబారాయి. కానీ ఆ సంగతి ఆయన ఒప్పుకుంటాడా? కొత్తపిల్ల ముందు రోజుకు పదిసార్లు పెళ్లాం చేత చెప్పించుకోవడం మహా నామోషీగా ఉండేది.

"అక్క పండుకున్నా నిన్ను వదుల్తలేదు గద బావా," అని ఎదురింటి దేవరాజు నవ్విన రోజున ఆయనకు తల తీసేసినట్టయింది. శారదమ్మకు ఏదైనా కాలక్షేపం ఉంటే బాగుండునని అప్పుడే తోచింది. ఆమె మంచి కోసమేనని తనకు తాను చెప్పుకున్నాడు. అందులో సగం నిజమే.

ఫోన్ ఆమెకు అచ్చిరాలేదు. పాట పెట్టబోతే వేలు ఎక్కడో తగిలి ఎవరికో ఒకరికి కాల్ పోతుంది. ఓసారి చీరలు కొనే సేటుకు పోయింది. ఆయన హలో హలో అంటుంటే, పాట మొదలు కాకుండా ఎవడో అడ్డం మాట్లాడుతున్నాడని ఈమె తిట్టిపోసింది. అందుకని గుండీలుండేది, అరచేతిలో పట్టేది, పాటలతోపాటు బొమ్మలూ వచ్చే డబ్బా కావాలనుకున్నాడు. గుండీలు తొందరగా అరుగుతాయని దేవరాజు అన్నాడు. చెవుల్లో పెట్టుకునే తీగలు మంచివి ఉండాలని నవనీత అంది. వనపర్తిలో ఉన్న కూతురు భార్గవి అయితే, ఫోన్లో ఒక డబ్బా వెతికి, కొన్నవాళ్లు రాసిన అభిప్రాయాలన్నీ తండ్రికి చదివి వినిపించింది.

"ఇను నాయినా. 'బొమ్మ బాగుంది, శబ్దం బాగుంది, ఛార్జింగ్ ఐదు గంటలు కూడా ఆగదు. రెండు చుక్కలు.' ఇంకొకాయన, 'నలుపు అడిగితే నీలం పంపారు. పాటలు మాత్రం మంచిగా వస్తున్నాయి. మూడు చుక్కలు.' ఇంకొకామె గూడ గట్లనే రాసింది, పొద్దున ఛార్జింగ్ పెడితే మధ్యాహ్నానికే దిగుతుందంట."

"చుక్కలంటే ఏంది?"

"మార్కులసొంటివి. ఐదొస్తే ఫస్టు. గిదొకటి ఉంది సూడు, ఐదు చుక్కలది. 'ఇది కొన్నప్పటి నుంచి మా అత్తగారు ఎవరినీ పిలవడం లేదు. ఇంట్లో ప్రశాంతంగా ఉంది.'"

గోవర్ధన్ వెంటనే, "గదే తెప్పియ్యి బిడ్డా," అన్నాడు. ఛార్జింగ్ సంగతేంటని భార్గవి అడిగితే, దిగితే మళ్లీ పెట్టుకుంటామన్నాడు.

ఆదివారం భార్గవి బస్సులో వచ్చింది. డబ్బాలో భజనలు, పాత సినిమాలు, ఒగ్గుకథలు నిండుగా ఎక్కించి, నాలుగు గీతలూ వెలిగేదాకా ఛార్జింగ్ పెట్టి తెచ్చింది. శారదమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మొగుడి మొహం చూసింది.

"నాకెందుకు గిది?"

"పొద్దు పోతలేదని అంటివి గద."

"నేనెప్పుడన్న?"

"అన్నవులే. మంచిగ పెట్టుకొని ఇను. మగ్గం దిక్కు పరేషాన్ గాకు, మేం జూసుకుంటం."

ఆమె తీగలు తీసి చెవుల్లో పెట్టుకుంది.

సోమవారం గోడ అవతల నుంచి ఒక్క మాట రాలేదు. మంగళవారమూ అంతే. గోవర్ధన్ హాయిగా మగ్గం ఆడించాడు, మధ్యలో కూనిరాగం కూడా తీశాడు. ఆ ఐదు చుక్కల మహాతల్లి నిజమే రాసిందనుకున్నాడు. బువ్వ తినేటప్పుడు "పని ఎట్లుంది?" అని శారదమ్మ అడిగితే "బ్రహ్మాండం" అన్నాడు. ఆమె తలూపి మళ్లీ తీగలు పెట్టుకుంది.

గురువారం పొద్దున, చుట్టిన బట్టను ఒకసారి వెలుతురులో చూద్దామని విప్పాడు. అంచు మీద జరీ పువ్వులు మూడు చోట్ల చితికినట్టు అడ్డంగా సాగి ఉన్నాయి. మూడుసార్లు అట్ట ఇరుక్కుంది, మూడుసార్లూ ఆయనకు వినపడలేదు. నేసిందంతా పోగు పోగూ వెనక్కి విప్పాల్సిందే.

"నాతోనే అయ్యిందా మామా?" నవనీత కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నువ్వేం జేస్తవ్ బిడ్డా. చెవుడు నాది," అన్నాడు. ఆ మాట పైకి అనడం ఆయనకు జన్మలో అదే మొదలు.

లోపలికి పోయేసరికి మంచం ఖాళీగా ఉంది. శారదమ్మ చట్రం పట్టుకుని పెరట్లోకి పోయినట్టుంది. దిండు పక్కన డబ్బా. నాలుగు రోజులైంది, ఛార్జింగ్ ఎవరూ పెట్టలేదన్న సంగతి ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. పెడదామని చేతిలోకి తీసుకున్నాడు. అద్దం మీద కంపెనీ వాళ్లు అంటించిన పల్చటి కాగితం ఇంకా అలాగే ఉంది. గుండీ నొక్కితే నాలుగు గీతలూ వెలిగాయి. కొన్నవాళ్లంతా ఐదు గంటలు కూడా ఆగదని మొత్తుకున్న డబ్బా!

శారదమ్మ గుమ్మంలోకి వచ్చి, ఆయన చేతిలో డబ్బాను చూసి ఆగిపోయింది.

"ఒక్క పాటన్న పెట్టుకోలేదా నువ్వు?"

"లేదు."

"మరి అట్ట ఇరికిన సప్పుడు..."

"ఇన్న. మూడుసార్లు ఇన్న."

"ఇని గూడ చెప్పకపోతివేంది శారదా?"

"చెప్పొద్దనే గద గిది తెచ్చినవ్." ఆమె మెల్లగా మంచం మీద కూర్చుంది. "గుంటలకు దిగొద్దనిరి. ఇగ చేతులతోని పని లేదు. చెవులన్న నీకు పనికొస్తయనుకున్న. అవి గూడ మూసుకోమంటివి."

గోవర్ధన్‌కు సిగ్గూ, అంతకు మించిన ప్రేమా ముంచుకొచ్చాయి. ఆమె పాదాల దగ్గర నేల మీద కూలబడ్డాడు.

"నిన్ను చుప్ జేయనీకెనే తెచ్చిన. తప్పయింది. నువ్వు ఒర్రి చెప్పకపోతే నాకు మగ్గం నేసుడే రాదు శారదా. ఆ సంగతి నాకు గూడ తెల్వకపాయె."

"ఎంత చెడింది?"

"మూరెడు."

"మూరెడే గద. జర నా మంచం మగ్గం దగ్గరికి జరుపుర్రి, జరీ నేను గూడ చూస్త."

ఆ మధ్యాహ్నమే దేవరాజును పిలిచి ఇద్దరూ కలిసి మంచాన్ని మగ్గం గదిలోకి మోశారు. గుంట ఒడ్డున, అంచు కనిపించేలా వేశారు. దేవరాజు నవ్వబోయి బావ మొహం చూసి ఊరుకున్నాడు.

వారం తర్వాత భార్గవి ఫోన్ చేసింది. గోవర్ధన్ ఫోన్‌ను మగ్గం పక్కన పెట్టి, కాలు ఆపకుండానే మాట్లాడాడు.

"నాయినా, డబ్బా ఎట్లుందని కంపెనోళ్లు అడుగుతున్నరు. ఏం రాయమంటవ్?"

"ఛార్జింగ్ మస్తు ఆగుతదని రాయి. నాలుగు దినాలు చెవులల్లనుంచి తీయకున్నా ఒక్క గీత దిగలే."

"నాలుగు దినాలా! అందరు ఐదు గంటలే అంటున్నరు గద?"

"అందరిండ్లల్ల మీ అమ్మ ఉన్నదా?"

మంచం మీద శారదమ్మ తుంటి పట్టుకుని నవ్వింది.

"ఇంట్ల ప్రశాంతంగ ఉందని గూడ రాయాల్నా?" అంది భార్గవి.

ఆయన నోరు తెరిచేలోపే శారదమ్మ కేక వేసింది. "ఆపు! అట్ట ఇరికింది!"

గోవర్ధన్ ఠక్కున కాలు ఆపాడు.

"లేదని రాయి బిడ్డా. చుక్కలు మాత్రం ఐదూ పెట్టు," అని అట్ట సరిచేయడానికి గుంటలోంచి లేచాడు.