దొంగనుకున్న కాపలా

బ్రౌజర్ తయారుచేసే ఆ కంపెనీలో ఆమెను అందరూ కాపలా అక్క అంటారు. పేరుకు తగ్గ పనే. ఎవడో పంపిన లింకు నొక్కితే, అందులో దాచిన దొంగ కోడ్ మనం నమ్మిన సైటు పేజీలోకి దూరి, ఆ సైటు సొంతమన్నట్టు దర్జాగా నడుస్తుంది. మన ఖాతా పట్టుకుపోతుంది. దాన్ని గుమ్మంలోనే ఆపడానికి ఆమె బ్రౌజర్‌లో ఒక వడపోత రాసింది. దాని లెక్క తేలిక. లింకులో ఉన్న కోడే పేజీలోనూ కనిపిస్తే, అది లింకులోంచే దూరిందని తీర్మానించి నడవనివ్వదు. ఏళ్ల తరబడి ఆ వడపోత మీద ఈగ వాలనివ్వలేదు ఆవిడ.

ఆమె తమ్ముడి కూతురికి సరిగ్గా వినబడదు. అలాంటి పిల్లల తల్లిదండ్రులు కష్టసుఖాలు చెప్పుకోవడానికి అతనొక సైటు నడుపుతున్నాడు. ఎవరైనా తమ వ్యాఖ్యలో కోడ్ పెడితే, చూపించే ముందే తుడిచేసే చిన్న కాపలా కోడ్ కూడా రాసుకున్నాడు. అయినా ఎవరో సభ్యుల ఖాతాల్లో చొరబడి, తల్లుల పేరుతో పిచ్చి రాతలు రాశారు. జనం ఒక్కొక్కరే వెళ్లిపోసాగారు.

"అక్కా, నా కాపలా కోడ్ ఒక్కోసారి అసలు నడవట్లేదే. మీ బ్రౌజర్‌లోనే ఇలా అవుతోంది. ఒక్కసారి చూడవూ?" అని ఫోన్ చేశాడు.

"తప్పు నీ దగ్గర పెట్టుకుని నా వడపోతని ఆడిపోసుకోకురా. ముందు నీ కోడ్ చూసుకో," అని కసిరి ఫోన్ పెట్టేసింది.

తమ్ముడు తన కోడ్‌నే మళ్లీ మళ్లీ చూసుకున్నాడు. తప్పంతా తనదేనని మొదటి పేజీలో సభ్యులకు క్షమాపణ రాశాడు. సైటు మూసేస్తున్నానని కూడా రాశాడు.

ఆమె పక్క సీటు, బ్రౌజర్‌లో తప్పులు వెతికే టెస్టర్‌ది. ఆఫీసులో అతనికి సందేహాలరావని పేరు పెట్టారు. కాఫీలో చక్కెర వేశారా అని తాగాక కూడా అడిగే మనిషి. ఆవేళ ఫోన్లో మాటలు విన్నాడేమో, కొన్నాళ్లకు కుర్చీ జరుపుకుని వచ్చాడు.

"అక్కా, లింకులో దొంగ కోడ్ కాకుండా, మీ తమ్ముడి కాపలా కోడ్‌నే కాపీ చేసి పెడితే?"

"అదేం ప్రశ్నయ్యా? పేజీలో ఉన్నదాన్నే మళ్లీ పంపితే దొంగకి ఒరిగేదేంటి?" అంటూనే ఆగిపోయింది.

తమ్ముడి సైటుకి అలాంటి లింకు తయారుచేసి నొక్కింది. లింకులోనూ పేజీలోనూ ఒకే కోడ్ కనబడేసరికి, వడపోత తమ్ముడి కాపలా కోడ్‌ని దొంగ కింద జమకట్టి ఆపేసింది. ఆ వెనకే వ్యాఖ్యలో దాగిన అసలు దొంగ కోడ్ అడ్డూ ఆపూ లేకుండా నడిచింది. ఎక్కడో పొరపాటు చేసి ఉంటానన్న ఆశతో మళ్లీ నొక్కింది. అదే జరిగింది.

"సరిచేయలేమా?" అంది. ఆ అడగడంలో బతిమాలుకోలు ఉంది.

"ఎలా అక్కా? ఏది సొంతమో ఏది పరాయిదో బయటినుంచి ఊహించడమే కదా దీని పని. ఊహని ఎంత సానబెట్టినా ఊహే. నా కోడ్ ఇదీ, ఇది తప్ప ఇంకేదీ నడవనివ్వకని సైటువాళ్లే బ్రౌజర్‌కి చెప్పే పద్ధతి మన దగ్గర ఉందిగా."

ఉంది. ఆమెకూ తెలుసు. తన వడపోత ఉండగా అదెందుకని ఇన్నాళ్లూ దాన్ని సవతిబిడ్డలా చూసింది. ఇప్పుడు వడపోతను బ్రౌజర్‌లోంచి తీసేయాలన్న ప్రతిపాదన తన చేత్తోనే రాసి పంపింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. సందేహాలరావు ఆ ఒక్కసారికి ఏమీ అడగలేదు.

తర్వాత తమ్ముడికి ఫోన్ చేసింది.

"నీ కోడ్‌లో తప్పు లేదురా. దాన్ని ఆపింది నా వడపోతే. తీసేయమని చెప్పాను."

"నువ్వన్నావంటే తప్పు నాదే అయ్యుంటుందని, ఎన్నిసార్లు తిరగరాశానో అక్కా," అన్నాడు తమ్ముడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆమెకు.

"సైటు మూయకు. ఆ క్షమాపణ మాత్రం తీసెయ్," అంది. "అక్కడ రాయాల్సింది నేను."