డాక్టరు లేని నాలుగు రోజులు

రెండో రొట్టె పెనం మీద ఉండగా ఫోన్ మోగింది. శ్రీలత చేతుల నిండా జొన్నపిండి. భర్త ప్రమోద్ ఫోన్‌లోకి తొంగిచూసి, "మీ ఆఫీసోళ్లే. ఇంటికొచ్చినా ఇడ్వరా నిన్ను?" అంటూ చాయ్ గ్లాసు పట్టుకుని పోయాడు.

మెసేజ్ చిన్నదే. టీం లీడర్ మారుతున్నాడు, కొత్తాయన సోమవారం దిగుతాడు, పని తెలిసినవాళ్లు అక్కడ ఇంకెవరూ లేరు, సెలవు తగ్గించుకుని శనివారానికల్లా రాగలవా అని. రొట్టె మాడుతున్నా ఆమె కదల్లేదు.

నారాయణపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సుగా చేసిన శ్రీలత రెండేళ్ల కింద సహాయ సంస్థలో చేరి దక్షిణ సూడాన్ వెళ్లింది. వరదకు ఊళ్లొదిలి వచ్చినవాళ్ల శిబిరంలో కలరా డేరా ఆమెది. ఈ రెండేళ్లలో నలుగురు లీడర్లు మారారు. ఇప్పుడు ఐదోవాడు. సెలైన్లు ఎక్కడుంటాయో, జనరేటరు ఎప్పుడు మొరాయిస్తుందో, నీళ్ల ట్యాంకరు మనిషితో ఎట్లా మాట్లాడాలో వచ్చిన ప్రతివాళ్లకూ ఆమే నేర్పింది. వాళ్లు నేర్చుకుని, మెచ్చుకుని, ఇంకో దేశం పోయారు. ఆ కుర్చీలో నువ్వు కూర్చుంటావా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. "శ్రీలతది గొప్ప ఓర్పు" అని పోతూ పోతూ రాశారు. పెళ్లయిన కొత్తలో ఆడబిడ్డ కూడా ఇదే మాట అని, తోమాల్సిన బాసాండ్ల వైపు చూపించింది. ఓర్పు ఉన్న మనిషిని ఇంకేమీ అడగాల్సిన పని లేదు కాబోలు.

"ఆదివారం అక్కోళ్లు వస్తరు, ఇరవై మందైతరు," అని మొన్ననే చెప్పాడు ప్రమోద్. "అక్కడ వందమందిని సూస్కుంటవు, గిది నీకెంత పని?"

ఏప్రిల్‌లో శిబిరం నుంచి పాత డాక్టరు వెళ్లిపోయాక కొత్త డాక్టరు రావడానికి నాలుగు రోజులు పట్టింది. నలభై మంచాలకు ఆమె ఒక్కతే నర్సు. మూడో రోజు మధ్యాహ్నం, ఒక ముసలామెకు నరం దొరకక తంటాలు పడుతుంటే, అవతలి వరసలో ఆరేళ్ల పిల్ల న్యాడెంగ్‌కు పెట్టిన సెలైన్ సీసా ఖాళీ అయిపోయింది. శ్రీలత వచ్చేసరికి పిల్ల చల్లబడింది. తల్లి శ్రీలత చేతికంటిన రక్తాన్ని తన గుడ్డతో తుడిచింది, అంతే. పక్క మంచం మీద ఇంకొకరు వాంతి చేసుకుంటుంటే శ్రీలత అటు పరుగెత్తింది.

అప్పటినుంచి ఎక్కడ నీళ్లు చుక్కచుక్కగా పడ్డా లెక్కపెడుతోంది. వంటింట్లో నల్లా బిగించి, నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి బిగిస్తోంది. "ఊడబీక్తవా ఏంది దాన్ని?" అని ప్రమోద్ నవ్వాడు.

సంస్థవాళ్లు కౌన్సెలర్‌ను పెట్టారు. ప్రతి గురువారం పదకొండింటికి ఆ కౌన్సెలర్ ఫోన్ చేస్తుంది. మొదటిసారి ప్రమోద్ విన్నాడు. "పిచ్చి డాక్టర్‌తోనా మాట్లాడుతున్నవ్? మా దుకాణంల తెలిస్తే నా ఇజ్జత్ ఏం గావాలె?" ఆ రోజు నుంచి శ్రీలత "బాగానే ఉన్నాను" అని చెప్పి పెట్టేస్తోంది.

ఈ గురువారం కూడా డాబా మీద నిలబడి అదే చెప్పింది. ఫోన్ దించి చూస్తే అత్త వెంకటనర్సమ్మ మిరపకాయలు ఎండబోస్తూ తననే చూస్తోంది.

"నువ్వు బాగలేవు. వచ్చిన కాడికెళ్లి సూస్తున్న. ఎవరు పోయిండ్రు బిడ్డా?"

శ్రీలత చెప్పింది. సీసా సంగతి, ఆ తల్లి గుడ్డ సంగతి. వెంకటనర్సమ్మ మిరపకాయలు కలియదిప్పుతూనే ఉంది.

"వాళ్లక్క ఎన్క, ప్రమోద్ కంటె ముందు నాకింకో ఆడపిల్ల. పదకొండు దినాలు బతికింది. పెండ్లి చీరలు ఆగినయని పన్నెండో నాడే నన్ను మగ్గం ఎక్కిచ్చిండ్రు. శాన ఓర్పుగల్లదని మా అత్త వాడకంత చెప్పింది. ఏడుద్దమంటె పనితోటి తీరలే. ఇప్పుడు తీరింది గని, దాని మొకం యాదికొస్తలేదు."

వెంకటనర్సమ్మ చేతులు దులుపుకుని ఫోన్ వైపు చూపించింది.

"మళ్ల చెయ్ ఆమెకు. నేను మెట్ల మీద కూసుంట. ఎవ్వలు రారు."

శ్రీలత మళ్లీ ఫోన్ చేసింది. "నేను అబద్ధం చెప్పాను. బాగాలేను," అంది. న్యాడెంగ్ పేరు చెప్పి, మొదటి నుంచి మొదలుపెట్టింది. అవతలి మనిషి తొందరపెట్టలేదు.

ఫోన్ పెట్టాక ఆఫీసుకు జవాబు రాసింది. శనివారానికి రాను. సెలవు పూర్తిగా వాడుకుంటాను. డాక్టరు లేకుండా ఇక ఒక్క పూట కూడా ఆ డేరా నడపను. ఈసారి లీడర్ పనికి నా పేరు ఎందుకు చూడలేదో కూడా రాయండి. పంపేసింది.

కిందికి వస్తే ప్రమోద్ కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాడు.

"అక్కోళ్లు పదకొండుకే దిగుతరట. ఏమేం తేవాల్నో చెప్పు, రాస్కుంట."

"ఆదివారం నాకు తీరదు. వంటకు మనిషిని మాట్లాడుకో."

"ఏం పని పడ్డది గంత?"

"ఏడ్వాలె," అంది శ్రీలత.